మూడు తలుపుల చప్పుడు

కంకిపాడు పెళ్ళికి బయలుదేరిన కొత్త కారు కాలవ మలుపు తిరుగుతుండగా వెనక తలుపు భళ్ళున తెరుచుకోవడమూ, ఆ తలుపు పక్కన కూర్చున్న, కాంట్రాక్టరు కృపానందం మరదలు సంపూర్ణమ్మ రోడ్డు మీద పడిపోవడమూ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. తలకు దెబ్బ తగిలి, తుంటి విరిగి ఆవిడ విజయవాడలో ఆస్పత్రి మంచం మీద ఉంది. తప్పంతా డ్రైవరు నవాబ్‌దేనని పోలీసు కేసయింది. ఆనాడు సంపూర్ణమ్మ పక్కనే కూర్చున్నది ఆ ఇంటి కోడలు జీవరత్నం. కారును పరీక్షించడానికి వస్తున్న బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఆమె మాట కూడా వింటానన్నాడు. ఆ మాట ఎలా ఉండాలో మామగారు కృపానందం ముందే చెప్పి పెట్టాడు. "తలుపు సరిగ్గా పడలేదని నేను చూసి చెప్పాను, నవాబ్ వినిపించుకోకుండా పోనిచ్చాడు అని చెప్పు. అంతే. ఇంకొక్క ముక్క వద్దు."

ఆటోనగర్‌లో నాగుల్ మీరా షెడ్డు ముందు కృపానందం జీపు ఆగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పైన రేకులు కాగిపోతున్నాయి. పక్క షెడ్లలో లారీ బాడీలు కడుతున్న సుత్తుల మోతకు చెవులు దిబ్బళ్ళు పడుతున్నాయి. జీవరత్నం కొంగు భుజం చుట్టూ కప్పుకుని దిగింది. దారి పొడుగునా మామగారు ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడవలసిన అవసరం ఉందని ఆయన అనుకోలేదు. కాలవ పనుల కాంట్రాక్టరుగా పేరు మోసిన మనిషి, చర్చిలో సంఘపెద్ద. ఆయన చెప్పడం, తక్కినవాళ్ళు చెయ్యడం, ఆ ఇంటి పద్ధతే అది.

షెడ్డు లోపల ఇన్‌స్పెక్టరు హనుమయ్య స్టూలు మీద కూర్చుని గోళీసోడా తాగుతున్నాడు. ఆయన పక్కన తెల్ల టెరిలిన్ చొక్కా కాలరు కింద రుమాలు దోపుకుని మద్రాసు నుంచి వచ్చిన కారు కంపెనీ మనిషి శేషాచలపతి నిలబడ్డాడు. నవాబ్ దూరంగా స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. ఎప్పుడూ ఇస్త్రీ చెడని ఖాకీ చొక్కా ఇవాళ నలిగి ఉంది. లైసెన్సు పోలీసుల దగ్గర ఉంది. తప్పు అతనిదని ఇన్‌స్పెక్టరు రాస్తే అది ఇక తిరిగి రాదు, ఆపైన జైలు. చేతిలో చక్రం తప్ప మరో పని ఎరగని మనిషి అతను.

"దండాలు చిన్నమ్మగారూ," అన్నాడు నవాబ్. ఆమె జవాబు చెప్పేలోగా మామగారు మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

ఆ షెడ్డులో మూడు కార్లున్నాయి. ఒకటి వాళ్ళ కొత్త 'మయూరా'. బానెట్ మీద నెమలి బొమ్మ, దొండపండు రంగు. రెండోది గుడివాడ డాక్టరుగారెవరిదో, సైలెన్సరు పనికి వచ్చింది. అదీ మయూరానే, కాని పదిహేనేళ్ళ కిందటిది. మూడోది మూలన ఉంది. దాన్ని చూడగానే జీవరత్నానికి పుట్టింటి మనిషి కనబడ్డట్టయింది.

అది వాళ్ళ పాత పెద్దకారు. స్వరాజ్యం వచ్చిన కొత్తలో దేశం విడిచి వెళ్ళిపోతున్న ఇంగ్లీషు దొర దగ్గర కృపానందం కొన్న కారు. జీవరత్నం పెళ్ళికూతురిగా అత్తవారింటికి వచ్చింది అందులోనే. కొత్త కారు వచ్చాక దాన్ని నాగుల్ మీరాకు అమ్మేశారు. దాని తలుపు బీరువా తలుపంత బరువు. ఊరికే వేస్తే పడేది కాదు. గట్టిగా లాగి, నడుముతో ఒక తోపు తోస్తే అప్పుడు కూర్చునేది. ఆ ఇంట్లో ఆడవాళ్ళందరికీ ఆ నడుము తోపు అలవాటే. కొత్త కోడలికి అత్తగారు సువార్తమ్మ నేర్పిన మొదటి పనుల్లో అదొకటి. కొత్త కారు వచ్చినా ఆ అలవాటు పోలేదు.

సరిగ్గా అదే ఎత్తుకున్నాడు శేషాచలపతి.

"మా బండిలో ఏ లోపమూ లేదండీ ఇన్‌స్పెక్టరుగారూ. లోపమంతా వాడకంలో ఉంది. మన పల్లెటూళ్ళ వాళ్ళు తలుపు వెయ్యరు, బాదుతారు. గొడ్ల చావిడి తడిక తోసినట్టు నడుముతో తోస్తే ఏ తాళమైనా ఎన్నాళ్ళుంటుంది చెప్పండి? సుకుమారంగా వాడుకోవలసిన వస్తువండీ ఇది."

జీవరత్నానికి ఒళ్ళు భగ్గున మండింది. బుక్ చేసుకుని ఏడేళ్ళు ఎదురుచూశారు ఈ కారు కోసం. వచ్చిన నాడు వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. తీరా వచ్చాక మొదటి వానకే కాళ్ళ కింద నీళ్ళు. కిటికీ తిప్పే పిడి ఊడి అత్తగారి చేతికి వచ్చింది. అన్నీ సర్దుకున్నారు. ఇప్పుడు మనిషి రోడ్డున పడితే, అదీ పడ్డవాళ్ళ తప్పేనట!

నాగుల్ మీరా ఊరుకోలేకపోయాడు. "మద్రాసు అయ్యగారూ, ఆ బాదుడంతా ఈ పెద్దకారు పాతికేళ్ళు తిన్నదండీ. పళ్ళు రాల్లేదే!"

"అది దొరల కాలం నాటిది నాయనా. అప్పటి ఇనుము వేరు, అప్పటి పెట్రోలు ధర వేరు. ఇప్పుడు లోకమంతా బండి బరువు తగ్గించుకుంటోంది. రేకు కాస్త పల్చనైతే పెట్రోలు మిగులుతుంది. మీ మంచికే."

"రేకు పల్చన చేసుకోండి బాబూ, వద్దన్నదెవరు? తలుపు గొళ్ళెం పల్చన చేస్తే ఏం మిగులుతుంది? ముసలావిడ తల పగిలింది, అదా మిగులు?"

"నాగుల్ మీరా!" కృపానందం గొంతు పెంచాడు. "నీకు బేరం ఇచ్చేది నేను. గుర్తుంచుకుని మాట్లాడు."

మామగారు కంపెనీ వైపు ఎందుకు మాట్లాడుతున్నాడో జీవరత్నానికి తెలుసు. మయూరా కార్ల ఏజెన్సీ జిల్లా మొత్తానికీ ఆయనకే రాబోతోంది. బందరు రోడ్డు మీద షోరూముకు గోడలు లేస్తున్నాయి. తన సొంత కారు తలుపే ఊడిపడిందని తేలితే ఆ షోరూములోకి ఎవరు అడుగు పెడతారు?

ఇన్‌స్పెక్టరు సోడా బుడ్డి కింద పెట్టాడు. మనిషి బక్కపల్చన, మాట నిదానం. "ఈ వాదన నాకెందుకండీ. అమ్మా, మీరిలా రండి. మీ ఇంట్లో తలుపు ఎలా వేస్తారో అలాగే వేసి చూపండి. మూడు కార్లకీ వెయ్యండి."

జీవరత్నం మామగారి వైపు చూడకుండా ముందుకు నడిచింది. మొదట మూలనున్న పెద్దకారు. తలుపు తెరిచి, లాగి, నడుముతో తోసింది. ధప్ మని పడింది. ధాన్యం బస్తా నేల మీద దించినట్టు నిండైన చప్పుడు, ఆ వెనక ఏమీ లేదు. ఇన్‌స్పెక్టరు రెండు చేతులతో పట్టి ఊపితే కారంతా కదిలింది తప్ప తలుపు వేరుగా కదల్లేదు.

తర్వాత డాక్టరుగారి పాత మయూరా. ఠక్కుమంది. చిన్న చప్పుడే, కాని గట్టిది. పదిహేనేళ్ళ కిందట ఇదే కంపెనీ, ఇదే నెమలి బొమ్మ వేసుకుని చేసిన కారది. ఇనుము మారిందన్నాడు, కాలం మారిందన్నాడు. మరి ఇది దొరల కాలం నాటిది కాదే! మనవాళ్ళు, మన దేశంలో చేసిందేగా? చెయ్యడం చేతగాక కాదు, చెయ్యకపోయినా కొంటారన్న ధీమా. ఏడేళ్ళు క్యూలో నిలబడేవాడికి ఏది పడేస్తే అది కళ్ళకద్దుకుంటాడన్న చులకన.

చివరికి కొత్త కారు. కావాలనే మెల్లగా వేసింది. బిస్కట్ల డబ్బా మూత పడ్డట్టు చప్పుడైంది. ఆ వెనక లోపలెక్కడో ఏదో వదులుగా గలగలమంది. తలుపు మాత్రం పడింది.

"చూశారా?" అన్నాడు శేషాచలపతి.

"కొంచెం కారు ఊపవయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. నాగుల్ మీరా వెనక బంపరు మీద కాలు పెట్టి కుదిపాడు. రెండో కుదుపుకే తలుపు నోరు తెరిచినట్టు బయటికి వచ్చేసింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

శేషాచలపతి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. అంతలోనే తేరుకున్నాడు.

"దెబ్బ తిన్న బండి కదండీ! తలుపు తెరుచుకుని గట్టుకు కొట్టుకున్నాక ఇలా ఉండక ఎలా ఉంటుంది? పెళ్ళికి ముందూ ఇలాగే ఉండేదనడానికి సాక్ష్యమేది? అంతకుముందు ఈ తలుపు ఒక్కసారైనా తెరుచుకుందా? బండి యజమాని ఇక్కడే ఉన్నారు, వారినే అడగండి."

ఇన్‌స్పెక్టరు తల తిప్పాడు. కృపానందం గొంతు సవరించుకున్నాడు. ఆదివారం చర్చిలో ప్రకటనలు చదివేటప్పుడు సవరించుకున్నట్టే.

"ఎన్నడూ లేదండీ. కారు నిక్షేపంలా ఉండేది. డ్రైవరు అజాగ్రత్త. నా కోడలే చెబుతుంది."

ఆ 'ఎన్నడూ లేదు' అన్న మాట దగ్గర జీవరత్నం మనసు ఆగిపోయింది. ఎన్నడూ లేకపోతే మరి ఆ నవారు ఎందుకు?

తెరుచుకుని ఉన్న తలుపు వైపు చూసింది. లోపలి పిడి మర సందులో చిన్న దారప్పోగు ఇంకా ఇరుక్కుని ఉంది. తెల్లది, మురికి పట్టింది. మంచానికి అల్లే నవారు పోగు.

నెలల తరబడి ఆమె కళ్ళెదుటే ఉంది ఆ నవారు. ఆ తలుపు లోపలి పిడికి ఒక కొస, ముందు సీటు వెనకున్న కమ్మీకి రెండో కొస. అత్తగారు ఆ పక్కన కూర్చుంటే మామగారో, తన భర్తో వచ్చి దాన్ని లాగి మళ్ళీ ముడి బిగించేవాళ్ళు. అత్తగారిది భారీ మనిషి, మోకాళ్ళ నొప్పులు. కూర్చోవడానికీ లేవడానికీ పట్టుకోసం కట్టారనుకుంది జీవరత్నం. ఎవరినీ అడగలేదు. ఆ ఇంట్లో కోడలు అడగవలసిన ప్రశ్నలా అనిపించలేదు. "ఇది కట్టందే మీ మామయ్య నన్ను ఎక్కనివ్వరే," అని అత్తగారు మురిపెంగా నవ్వితే తనూ నవ్వింది.

అది పట్టు కోసం కాదు. తలుపు ఊడకుండా.

భార్య కూర్చుంటే కట్టారు. ఇంట్లో వంటకూ చాకిరికీ ఉన్న మరదలు కూర్చున్న నాడు అది లేదు. పైగా ఆవిడ పడితే తప్పు నవాబ్‌ది!

"చెప్పండమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "తలుపు ఎవరు వేశారు?"

"నవాబ్ బాబాయి వేశాడండీ. వేసి, పడిందో లేదో లాగి చూశాడు. మలుపులో కూడా బండి నెమ్మదిగానే ఉంది."

"జీవరత్నం!" అన్నాడు కృపానందం.

"ఆ తలుపు తెరుచుకుంటుందని మా ఇంట్లో ముందే తెలుసండీ. మంచం నవారు పెట్టి కట్టేవాళ్ళు. మా అత్తయ్యగారు కూర్చుంటే మామయ్యగారే ముడి చూసేవారు. పిడి దగ్గర పోగు ఇంకా ఉంది, చూడండి."

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. నాగుల్ మీరా కూడా వంగాడు. "యా అల్లా," అన్నాడు గొణుగుతున్నట్టు. "కారుకు నవారా?"

కృపానందం మొహం నల్లబడింది. "పల్లెటూరి బడిపంతులు కూతుర్ని తెచ్చుకున్నందుకు బాగానే బుద్ధి చెప్పావమ్మా. ఎవరింటి అన్నం తింటున్నావో తెలిసే మాట్లాడుతున్నావా?"

"సంపూర్ణత్తయ్య వండిన అన్నం మామయ్యగారూ. అందరం ఆవిడ చేతి అన్నమే తింటున్నాం."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందంటే జీవరత్నానికే నమ్మశక్యం కాలేదు. ఇంతవరకు ఆయన ముందు తల ఎత్తి నిలబడింది లేదు.

"పద ఇంటికి. నీ మొగుడితో మాట్లాడతాను."

"ఆగండి కాంట్రాక్టరుగారూ," ఇన్‌స్పెక్టరు గొంతు ఇప్పుడు అంత నిదానంగా లేదు. "ప్రమాదమని తెలిసి కట్టారు. బాగానే ఉంది. మరి పెళ్ళినాడు ఆ కట్టు ఏమైంది? ఎవరు విప్పారు? తెలిసి విప్పినవాడిదండీ ఈ నేరం. డ్రైవరు మాట తర్వాత చూద్దాం."

కృపానందం కళ్ళలో మొదటిసారి బెదురు కనిపించింది. ఆ బెదురు కోపంకన్నా ఎక్కువగా ఆశ్చర్యపరిచింది జీవరత్నాన్ని. తనకేమైనా అవుతుందని బెదిరేవాడు కాడు ఆయన.

అప్పుడు స్తంభం దగ్గర నుంచి నవాబ్ ముందుకు వచ్చాడు.

"నేనే విప్పానండీ," అన్నాడు.

"నువ్వా?"

"నేనేనండీ. పెళ్ళివారిలో దిగేటప్పుడు కొత్త కారుకు తాడు కట్టి ఉంటే అయ్యగారి పరువేం కాను? నేనే విప్పి పారేశాను. రాసుకోండి."

శేషాచలపతి ఊపిరి పీల్చుకున్నాడు. కృపానందం కొండ దిగినట్టు పక్కనున్న టైర్ల మీద చతికిలబడ్డాడు.

జీవరత్నం నిర్ఘాంతపోయింది. ఆ పొద్దున జరిగింది ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది. పెళ్ళి కానుకల మూటలు కారులో పెట్టడానికి వెళ్ళినప్పుడు నవారు కట్టే ఉంది. నవాబ్ అప్పుడు అక్కడ లేడు. కారుకు కట్టే పూల కోసం బజారుకు వెళ్ళాడు. పూలతో వచ్చి వెనక తలుపు తెరిచి చూసి, "ఇక్కడి నవారు ఏదమ్మా?" అని తననే అడిగాడు. "తెలీదు బాబాయ్," అంది. అతను పూలు కడుతూ, "సరేలే, నెమ్మదిగా పోదాం," అన్నాడు. అందుకే కాలవ మలుపు దాకా ఎడ్లబండిలా నడిపాడు.

"అబద్ధమండీ," అంది ఆమె. "నవాబ్ బాబాయి పూలు తెచ్చేసరికే నవారు లేదు. ఏదని నన్ను అడిగాడు."

"చిన్నమ్మగారూ, మీరు ఊరుకోండి," నవాబ్ చేతులు జోడించాడు. "నా మాట వినండమ్మా. నా బిడ్డ నజీమా ఈడుదానివి. నాకు జైలయితే ఎన్నాళ్ళు? వచ్చి ఇదే షెడ్డులో స్పానర్లు తుడుచుకు బతుకుతాను. మీ కాపురం ఎవరు తెచ్చిస్తారమ్మా?"

మీ కాపురం.

ఆ మాటతో చివరి ముడి కూడా విడిపోయింది. బయలుదేరే ముందు గదిలోకి వచ్చి, చేతిలోదేదో మంచం కిందికి విసిరి, చేతులు దులుపుకున్న మనిషి. "దరిద్రం, మన ఫ్రెండ్స్ అంతా వస్తారు అక్కడికి," అని విసుక్కుంటూ అద్దంలో క్రాపు సరిచేసుకున్న మనిషి. నిన్న ఊడుస్తుంటే మంచం కింద చీపురుకు తగిలిన నవారు ముక్క. మామగారి బెదురు. నవాబ్ తన మీద వేసుకున్న నేరం. అందరూ ఒక్క మనిషిని దాస్తున్నారు. తల్లి కూర్చుంటే తన చేత్తో ముడి బిగించిన ఆ మనిషే, పిన్నమ్మ కూర్చునే నాడు అదే చేత్తో విప్పాడు. ఎవరు కూర్చుంటారో కూడా అప్పటికి తెలియదు. ఆ కిటికీ పక్కన తన భార్య కూర్చుంటుందేమోనన్న ఆలోచనైనా రాలేదు.

"అమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "డ్రైవరు విప్పలేదన్నారు. మరెవరు?"

"ఆయనండీ."

"ఎవరాయన?"

"మా… వారండీ."

"అలా కాదమ్మా, పేరు చెప్పాలి. రేపు కోర్టులో కూడా పేరే అడుగుతారు."

పెళ్ళయిన నాటి నుంచి ఆమె ఆ పేరు పలకలేదు. బడిలో పిల్లల హాజరు పిలిచే తండ్రి కూడా, అదే పేరున్న కుర్రాణ్ణి పిలిచేటప్పుడు కూతురు పక్కనుంటే నవ్వి గొంతు తగ్గించేవాడు. ఇంట్లో ఎవరడిగినా 'ఆయన', 'మీ అబ్బాయి', 'మీ అన్నయ్య'. పేరు పలికితే మొగుడికి ఆయువు తగ్గుతుందని అత్తగారు బెదిరించేది. ప్రార్థనలో కూడా 'నా భర్తను కాపాడు తండ్రీ' అనేది తప్ప పేరు అనేది కాదు.

కృపానందం లేచి నిలబడ్డాడు. "అమ్మాయ్," అన్నాడు. ఈసారి అరవలేదు. బతిమాలుతున్నట్టుంది. "వాడు నీ మొగుడమ్మా."

నవాబ్ కళ్ళు మూసుకున్నాడు.

జీవరత్నం కొంగు వదిలేసింది.

"ఏసుపాదం," అంది. "కృపానందంగారి అబ్బాయి ఏసుపాదం. నవారు విప్పింది ఆయన. ఆ ముక్క ఇప్పటికీ మా మంచం కిందే ఉంది."

పక్క షెడ్డులో సుత్తుల మోత ఆగలేదు. ఇన్‌స్పెక్టరు రాసుకుంటున్నాడు.

బయట స్కూటరు ఆగింది. స్టాండు వెయ్యకుండానే గోడకు వాల్చి ఎవరో పరుగెత్తుకొచ్చారు. ఎండలోంచి నీడలోకి వచ్చినవాడికి లోపల ఎవరెవరున్నారో వెంటనే ఆనలేదు. జుట్టు చెదిరి ఉంది. చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది.

"నాన్నగారూ," అన్నాడు అతను గుక్క తిప్పుకోలేక. "ఆస్పత్రి నుంచి వస్తున్నాను. పిన్ని… పిన్ని పోయింది."

కృపానందం ఒక చెయ్యి చాచాడు, కొడుకును ఆపాలన్నట్టో, దగ్గరికి తీసుకోవాలన్నట్టో. నవాబ్ స్తంభానికి నుదురు ఆనించుకున్నాడు. జీవరత్నం ఉన్నచోట నుంచి కదల్లేదు.

ఇన్‌స్పెక్టరు కలం మూత పెట్టి, స్టూలు మీద నుంచి నెమ్మదిగా లేచాడు.

"ఏసుపాదం అంటే మీరేనా?" అని అడిగాడు.